ఆపరేటింగ్ సిస్టమ్ డౌన్‌గ్రేడ్

కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసేసి, దానికంటే ముందు వచ్చిన వెర్షన్‌ను వేసుకోవడమే డౌన్‌గ్రేడ్. సర్వీసు షాపుల్లో దీన్నే పాత విండోస్ వేయించుకోవడం అంటారు. కొత్త వెర్షన్ నెమ్మదిగా నడవడం, రోజూ వాడే ప్రోగ్రాము అందులో తెరుచుకోకపోవడం, ప్రింటరుకో స్కానరుకో డ్రైవరు దొరక్కపోవడం, తెర అమరిక నచ్చకపోవడం వంటివి దీనికి కారణాలు. ఒక నెలవారీ అప్‌డేట్‌ను తొలగించడం గానీ, అప్‌గ్రేడ్ అయిన కొద్ది రోజుల్లోనే సెట్టింగులలోని 'గో బ్యాక్' మీట నొక్కి వెనక్కి రావడం గానీ ఇంత పెద్ద పనులు కావు. వాటిని రోల్‌బ్యాక్ అంటారు. డౌన్‌గ్రేడ్ అంటే దాదాపు ఎప్పుడూ డిస్కును ఫార్మాట్ కొట్టి, అన్నీ మొదటి నుంచి వేసుకోవడమే.

వ్యక్తిగత కంప్యూటర్లలో ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా ఎదురైంది విండోస్ వాడేవారికి. అందుచేత ఈ వ్యాసంలో వాళ్ల అనుభవమే ప్రధానం. పాత వెర్షన్‌కు భద్రతా అప్‌డేట్లు ఇంకెంత కాలం వస్తాయి, చేతిలో ఉన్న యంత్రానికి ఆ వెర్షన్ డ్రైవర్లు ఉన్నాయా, దాన్ని వేసుకునే హక్కు లైసెన్సులో ఉందా అన్నవి ముందు తేల్చుకోవాలి. నచ్చడం, నచ్చకపోవడం వాటి తర్వాతి మాట. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

తొలి రోజులు

వెనక్కి వెళ్లడం కొత్త సంగతి కాదు. 1988లో వచ్చిన డాస్ 4.0 అంతకుముందు వెర్షన్ కంటే ఎక్కువ మెమరీ తినేది, లోపాలూ ఎక్కువే. 640 కిలోబైట్ల పరిమితిలో బతకాల్సిన ఆ రోజుల్లో ప్రతి కిలోబైటూ విలువైనదే. చాలామంది డాస్ 3.3లోనే ఉండిపోయి, 1991 జూన్‌లో డాస్ 5.0 వచ్చాకే కదిలారు. 2000 సెప్టెంబరులో విడుదలైన విండోస్ మిలీనియం ఎడిషన్‌ది కూడా అదే కథ. తరచూ ఆగిపోతుండడంతో విసిగి, విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌కు తిరిగి వెళ్లినవారు ఎందరో.

ఆ తరంలో వెనక్కి వెళ్తే పోయేది పెద్దగా ఏమీ లేదు. కంప్యూటరు రోజులో ఏ అరగంటో డయలప్ మీద ఇంటర్నెట్‌కు తగిలేది. భద్రతా అప్‌డేట్ అన్న మాటే చాలామందికి తెలియదు. పాత డిస్కు బీరువాలో ఉంటే చాలు, పని అయిపోయేది. ఇప్పటికీ డౌన్‌గ్రేడ్‌ను అంత తేలిక పనిగా చూసేవారు ఆ కాలపు అలవాటుతోనే ఆలోచిస్తున్నారు.

విస్టా నుంచి ఎక్స్‌పీకి

డౌన్‌గ్రేడ్ చరిత్రలో అతి పెద్ద ఘట్టం విండోస్ విస్టాది. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న దుకాణాలకు వచ్చింది. 2004లో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో అది గట్టిపడింది. మామూలుగా మూడేళ్లకో వెర్షన్ రావాల్సి ఉండగా, తర్వాతిదైన విస్టా సామాన్య వినియోగదారులకు 2007 జనవరి 30న గానీ అందలేదు. ఈ అయిదేళ్ల పైచిలుకు కాలంలో ఆఫీసులు, కాలేజీ ల్యాబులు, ఇంటర్నెట్ సెంటర్లు, ప్రింటర్లు తయారుచేసే కంపెనీలు అన్నీ ఎక్స్‌పీ చుట్టూ అల్లుకుపోయాయి.

విస్టాలో మార్పులు లోతైనవి. తెర మీద బొమ్మను చూపించే డ్రైవర్ల పద్ధతి మొత్తం మారింది. శబ్దానికి సంబంధించిన వ్యవస్థను తిరగరాశారు. ప్రోగ్రాము ఏదైనా సిస్టమ్ ఫైళ్ల జోలికి వెళ్తుంటే అనుమతి అడిగే యూజర్ అకౌంట్ కంట్రోల్ మొదటిసారి వచ్చింది. ఇవన్నీ అవసరమైన మార్పులే. కానీ డ్రైవర్లు రాసే కంపెనీలు సిద్ధంగా లేవు. తర్వాత ఒక కోర్టు కేసులో బయటపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత పత్రాల ప్రకారం, 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి ఎన్‌విడియా డ్రైవర్లే కారణం.

ఆ కేసు కథ వేరే చెప్పుకోదగ్గది. విస్టా ఆలస్యమవుతుండడంతో 2006 చివరి పండుగ అమ్మకాలు పడిపోకూడదని, అప్పటి ఎక్స్‌పీ కంప్యూటర్ల మీద 'విస్టా కేపబుల్' అన్న స్టిక్కర్ అంటించి అమ్మారు. అందుకు 512 మెగాబైట్ల ర్యామ్, 800 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్ ఉంటే చాలు. ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉన్న యంత్రాలకు కూడా ఈ స్టిక్కర్ దక్కింది. అద్దంలాంటి కిటికీలతో మెరిసే ఏరో తెర, అంటే విస్టా ప్రకటనలన్నింటిలో కనిపించిన తెర, ఆ చిప్‌సెట్ మీద నడవదు. కొనుగోలుదారులు 2007లో సియాటిల్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. మైక్రోసాఫ్ట్ ఉపాధ్యక్షుడొకరు 2,100 డాలర్లు పోసి కొన్న ల్యాప్‌టాప్ ఈమెయిల్ చూసుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయిందని సహోద్యోగులకు రాసుకున్న లేఖ ఆ విచారణలోనే వెలుగు చూసింది. 2009లో న్యాయమూర్తి ఆ వ్యాజ్యానికి సామూహిక హోదా రద్దు చేశారు. కేసు నీరుగారినా విస్టా పరువు మాత్రం తిరిగి రాలేదు.

ఎక్స్‌పీ కావాలన్న ఒత్తిడి పెరిగింది. ఎక్స్‌పీ అమ్మకాలను 2008 జనవరి 31తో ఆపాలనుకున్న మైక్రోసాఫ్ట్, గడువును జూన్ 30కి జరిపింది. ఇన్ఫోవరల్డ్ పత్రిక మొదలుపెట్టిన 'సేవ్ ఎక్స్‌పీ' వినతిపత్రం మీద 2 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. అమ్మకాలు ఆగాక కూడా తయారీదారులు ఒక దారి కనిపెట్టారు. విస్టా బిజినెస్, అల్టిమేట్ ఎడిషన్లకు ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు దిగే హక్కు లైసెన్సులోనే ఉంది. దాన్ని వాడుకుని ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పీ వేసి, విస్టా డిస్కు పెట్టెలో పెట్టి అమ్మారు. అందుకు కొందరు అదనంగా వసూలు చేశారు. అలా 59 డాలర్లు కట్టవలసి వచ్చిన లాస్ ఏంజెలెస్ మహిళ ఒకరు 2009లో మైక్రోసాఫ్ట్ మీద దావా వేశారు. కొత్తదానికి డబ్బు కట్టి, అది వద్దనుకున్నందుకు మళ్లీ డబ్బు కట్టడం ఆమెకు మింగుడుపడలేదు.

ఇదే సమయంలో చిన్న తెర, తక్కువ ధరల నెట్‌బుక్‌లు వచ్చాయి. 2007 చివర్లో అసూస్ ఈ పీసీ లినక్స్‌తో మార్కెట్‌లోకి దిగింది. ఆ యంత్రాలు విస్టాను మోయలేవు. మైక్రోసాఫ్ట్ చూస్తూ ఊరుకుంటే ఆ మార్కెట్ మొత్తం లినక్స్ చేతిలోకి పోతుంది. అందుకని వాటి వరకు ఎక్స్‌పీ హోమ్‌ను 2010 అక్టోబరు దాకా అమ్మకంలో ఉంచింది. అంటే ఆ విభాగంలో కంపెనీయే తన సరుకును డౌన్‌గ్రేడ్ చేసుకుంది.

విస్టా నుంచి వెనక్కి వెళ్లినవారు సరైన పని చేశారా? 512 మెగాబైట్ల యంత్రం ఉన్నవారు కచ్చితంగా చేశారు. వాళ్లకు మరో మార్గం లేదు. రెండు గిగాబైట్ల ర్యామ్ ఉన్నవారి విషయంలో మాత్రం అంత నిబ్బరంగా చెప్పలేం. 2008 మార్చిలో మొదటి సర్వీస్ ప్యాక్ అందరికీ అందింది, డ్రైవర్లు కుదురుకున్నాయి. 2009 అక్టోబరు 22న విండోస్ 7 వచ్చినప్పుడు లోకమంతా మెచ్చుకుంది. కానీ విండోస్ 7 లోపలి వెర్షన్ సంఖ్య 6.1, విస్టాది 6.0. అదే పునాది, అదే డ్రైవర్ల పద్ధతి. చక్కదిద్దింది కొంత, ఆ రెండున్నరేళ్లలో హార్డ్‌వేరు పెరిగింది మరికొంత. విస్టాను తిట్టి, విండోస్ 7ను పొగిడినవారిలో చాలామంది నిజానికి పొగిడింది కొత్త ర్యామ్‌ను. ఇంకో సంగతి: ఎక్స్‌పీ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది, విస్టాది 2017 ఏప్రిల్ 11 వరకు కొనసాగింది. పనికిరాదన్నది మూడేళ్లు ఎక్కువ బతికింది.

ఎనిమిది, పది, పదకొండు

2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8 యంత్రానికి బరువేమీ కాలేదు. పాత యంత్రాల మీద అది విండోస్ 7 కంటే చురుగ్గానే మొదలయ్యేది. జనానికి ఎక్కనిది దాని ముఖం. స్టార్ట్ బటన్ పోయింది. తెర నిండా పలకలు వచ్చాయి. టచ్‌స్క్రీన్ లేనివాళ్లు షట్‌డౌన్ ఎక్కడుందో వెతుక్కున్నారు. 2014 జనవరిలో హెచ్‌పీ సంస్థ, జనం కోరిక మేరకు విండోస్ 7 తిరిగి తెచ్చామంటూ బాహాటంగానే ప్రకటనలు ఇచ్చింది. ముఖం నచ్చక చేసే డౌన్‌గ్రేడ్ అన్నింటిలోకీ బలహీనమైనది. ఎందుకంటే స్టార్ట్ మెనూను తిరిగి తెచ్చే చిన్న ప్రోగ్రాములు అప్పటికే ఉచితంగా దొరికేవి. 2013 అక్టోబరులో వచ్చిన 8.1తో బటన్ కూడా తిరిగి వచ్చింది, మెనూ రాకపోయినా.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10ను మైక్రోసాఫ్ట్ ఒక ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. అడగకుండానే అప్‌గ్రేడ్ అయిపోయిందని వాపోయినవారూ ఉన్నారు. వెనక్కి వెళ్లేందుకు మొదట నెల రోజుల గడువు ఉండేది. 2016 ఆగస్టు అప్‌డేట్‌తో దాన్ని 10 రోజులకు కుదించారు. విండోస్ 11లోనూ అదే గడువు. ఈ వ్యవధిలో పాత సిస్టమ్ 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులో భద్రంగా ఉంటుంది. డిస్క్ క్లీనప్‌తో దాన్ని చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది. స్థలం లేదని ముందుగా దాన్నే తీసేసి, తర్వాత వెనక్కి వెళ్లలేక ఫార్మాట్ కొట్టించుకునేవారు ఎప్పుడూ ఉంటారు.

ఇక్కడ గమనించదగ్గ లెక్క ఒకటుంది. విస్టా వచ్చిననాటికి ఎక్స్‌పీకి 7 ఏళ్ల 2 నెలల మద్దతు మిగిలి ఉంది. విండోస్ 8 వచ్చిననాటికి విండోస్ 7కు మిగిలిందీ సరిగ్గా అంతే, 2020 జనవరి 14 వరకు. అంత కాలం ఉంటే కంప్యూటరే పాతబడి మార్చే వేళవుతుంది. విండోస్ 11 వచ్చిన 2021 అక్టోబరు 5 నాటికి విండోస్ 10కి మిగిలింది నాలుగేళ్లే. ఆ గడువూ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి విస్టా రోజుల్లో తెలివైన పని అనిపించుకున్నది పదకొండు విషయంలో అంత తెలివైనది కాదు. పాత అనుభవాన్ని తేదీలు చూడకుండా కొత్త సందర్భానికి అతికించకూడదు.

లైసెన్సు

డౌన్‌గ్రేడ్ హక్కు అందరికీ ఉండదు. కంప్యూటరుతో పాటు వచ్చే ప్రొఫెషనల్ స్థాయి ఎడిషన్లకే మైక్రోసాఫ్ట్ దాన్ని ఇచ్చింది. విండోస్ 8 ప్రో నుంచి విండోస్ 7 ప్రొఫెషనల్‌కు, 10 ప్రో నుంచి 8.1 ప్రో లేదా 7 ప్రొఫెషనల్‌కు, 11 ప్రో నుంచి 10 ప్రోకు దిగవచ్చు. హోమ్ ఎడిషన్‌కు ఈ హక్కు లేదు. పెద్ద సంస్థలు తీసుకునే వాల్యూమ్ లైసెన్సులో ఏ పాత వెర్షన్‌కైనా వెళ్లే వెసులుబాటు ఉంటుంది. హక్కు ఉన్నంత మాత్రాన డిస్కు ఇంటికి రాదు. పాత వెర్షన్ డిస్కు, కీ సంపాదించుకోవాల్సింది వినియోగదారుడు, లేదా యంత్రం అమ్మిన కంపెనీ. దిగినా కొత్త వెర్షన్ లైసెన్సు చెల్లుతూనే ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా మళ్లీ ఎక్కవచ్చు.

మన దగ్గర ఆచరణలో జరిగేది వేరు. షాపులో కుర్రాడు పెన్‌డ్రైవ్ తీసి ఒక క్రాక్ కాపీ వేసి ఇస్తాడు. అరగంటలో పని అయిపోతుంది, ఖర్చూ తక్కువ. ఆ కాపీలో ఎవరు ఏం కలిపారో ఆ కుర్రాడికీ తెలియదు. చాలాసార్లు అందులో అప్‌డేట్లు ముందే ఆపేసి ఉంటాయి. బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటరులో ఇలాంటిది వేయించుకోవడం కంటే నెమ్మదిగా నడిచే అసలు విండోసే మేలు.

డ్రైవర్లు, యంత్రం వయసు

పాత సాఫ్ట్‌వేరుకు కొత్త హార్డ్‌వేరు తెలియదు. ఎక్స్‌పీ డిస్కులో సాటా కంట్రోలరు డ్రైవర్లు లేకపోవడంతో ఇన్‌స్టాల్ చేయబోతే నీలి తెర పడేది. బయాస్‌లోకి వెళ్లి డిస్కును ఐడీఈ పద్ధతికి మార్చడమో, ఫ్లాపీలో డ్రైవరు ఇచ్చి ఎఫ్6 నొక్కడమో చేయాల్సి వచ్చేది. అప్పటికే ల్యాప్‌టాప్‌లలో ఫ్లాపీ డ్రైవులు మాయమయ్యాయి. విండోస్ 7 ఇన్‌స్టాలరుకు యూఎస్‌బీ 3.0 తెలియదు. దాంతో కొన్ని కొత్త బోర్డుల మీద మొదటి తెర వచ్చాక కీబోర్డు, మౌసు రెండూ చచ్చుబడేవి. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలను అది గుర్తించదు. సెక్యూర్ బూట్ ఆపాలి, పాత బయాస్ పద్ధతిని అనుకరించే ఏర్పాటు ఆన్ చేయాలి. ఆ ఏర్పాటే ఇప్పటి కొన్ని బోర్డులలో లేదు.

పాత వెర్షన్ ఎస్‌ఎస్‌డీని సరిగా చూసుకోదు కూడా. చెరిపిన ఫైళ్ల స్థలం ఖాళీ అయిందని ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ ఆదేశం విండోస్ 7తోనే మొదలైంది. ఎక్స్‌పీలోనూ విస్టాలోనూ అది లేదు. వేగం కోసం ఎక్స్‌పీకి దిగి, ఇంకా వేగం కోసం ఎస్‌ఎస్‌డీ కొన్నవారు ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టే. 32 బిట్ వెర్షన్ వేస్తే 4 గిగాబైట్ల ర్యామ్‌లో సుమారు 3 పైచిలుకే పనికొస్తుంది.

కొన్నిసార్లు అడ్డుపడేది సాంకేతిక పరిమితి కాదు, విధానం. ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్లు, ఏఎండీ రైజెన్ ఉన్న యంత్రాలలో విండోస్ 7, 8.1 నడిపేవారికి 2017లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు నిలిపేసింది. సిస్టమ్ నడుస్తుంది గానీ ప్యాచ్‌లు రావు. ఇంటెల్ పన్నెండో తరం నుంచి ప్రాసెసర్‌లో రెండు రకాల కోర్లు కలగలిసి ఉంటాయి. ఏ పనిని ఏ కోరుకు అప్పజెప్పాలో విండోస్ 11కు తెలిసినంత బాగా 10కి తెలియదు. అలాంటి యంత్రంలో వెనక్కి వెళ్తే వేగం పెరగకపోగా తగ్గవచ్చు.

భద్రత

మద్దతు ముగిసిన వెర్షన్‌కు వెళ్లవద్దనడానికి సాధారణంగా చూపించే ఉదాహరణ 2017 మే 12న మొదలైన వనాక్రై దాడి. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే ఆ పురుగు 150కి పైగా దేశాలకు పాకింది. బ్రిటన్ ఆసుపత్రులలో వైద్యసేవలు ఆగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. మూడేళ్ల కిందటే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ఆ వారాంతంలోనే అత్యవసర ప్యాచ్ విడుదల చేసింది. అయితే ఆ దాడిలో ఎక్కువగా దెబ్బతిన్నది ఎక్స్‌పీ కాదు, విండోస్ 7. దానికి అప్పటికి మద్దతు ఉంది. రెండు నెలల ముందే, మార్చి 14న, ప్యాచ్ కూడా వచ్చింది. వేసుకోనివాళ్లే బలయ్యారు. వెర్షన్ పాతదా కొత్తదా అన్నదానికంటే అప్‌డేట్లు వస్తున్నాయా, వచ్చినవి వేసుకుంటున్నామా అన్నదే అసలు ప్రశ్న. డౌన్‌గ్రేడ్ చేసినవారు అప్‌డేట్లంటే భయపడి వాటిని ఆపేయడం పరిపాటి. అది ఇంకా ప్రమాదం.

పాత వెర్షన్‌ను నిలబెట్టుకోవడం ఎంత ఖరీదో ప్రభుత్వాలకు తెలుసు. ఎక్స్‌పీ గడువు ముగిశాక మరో ఏడాది ప్యాచ్‌ల కోసం బ్రిటన్ ప్రభుత్వం 2014లో సుమారు 55 లక్షల పౌండ్లు కట్టింది. మన దేశంలో ఏటీఎంలు చాలాకాలం ఎక్స్‌పీ మీదే నడిచాయి. రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లో గట్టిగా ఆదేశించి, 2019 జూన్ నాటికి దశలవారీగా మార్చమంది.

మామూలు వాడుకదారుకు ముందుగా తగిలే దెబ్బ వైరస్ కాదు, బ్రౌజరు. ఎక్స్‌పీ, విస్టాలకు చివరి క్రోమ్ 49వ వెర్షన్. 2016లోనే దాని అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 7, 8.1లకు చివరిది 109. బ్రౌజరు పాతబడే కొద్దీ సైట్లు ఒక్కొక్కటే తెరుచుకోవడం మానేస్తాయి. సర్టిఫికెట్ చెల్లదన్న హెచ్చరికలు వస్తాయి. బ్యాంకు సైటు లోపలికి రానివ్వదు. అప్పటిదాకా హాయిగా నడిచిన కంప్యూటరు ఆ రోజు నుంచి టైపు మిషనే.

తెలుగు పనులు

తెలుగు రాష్ట్రాల్లో పాత విండోస్‌ను పట్టుకు వేలాడినవారిలో డీటీపీ షాపులది ముందు వరస. పెళ్లి శుభలేఖల నుంచి పుస్తకాల దాకా పేజ్‌మేకర్ 7.0లో అను ఫాంట్లతో కూర్చిన ఫైళ్లు వాళ్ల దగ్గర వేలల్లో ఉంటాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. అందులో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఆ ఫాంటు, ఆ కీబోర్డు ప్రోగ్రాము, ఆ సాఫ్ట్‌వేరు మూడూ ఉంటేనే ఫైలు చదవడానికి వస్తుంది. అడోబీ పేజ్‌మేకర్‌ను వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లింది. అందులో భారతీయ లిపులకు సరైన మద్దతు 2012లో వచ్చిన సీఎస్6 నుంచి. ఇరవై ఏళ్ల నాటి పుస్తకం రెండో ముద్రణకు వస్తే పాత ఫైలు తెరవాల్సిందే. ఇది నిజమైన అవసరం, ముఖం నచ్చకపోవడం లాంటిది కాదు.

అయినా అందుకోసం కంప్యూటరు మొత్తాన్ని వెనక్కి తీసుకెళ్లనక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ వంటి ఉచిత ప్రోగ్రాముతో కొత్త విండోస్ లోపలే ఎక్స్‌పీని ఒక కిటికీలో నడపవచ్చు. దాన్ని ఇంటర్నెట్‌కు తగలకుండా ఉంచి, ఫైళ్ల కోసం ఒక ఫోల్డరును మాత్రం పంచుకుంటే సరిపోతుంది. మైక్రోసాఫ్టే విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ఎక్స్‌పీ మోడ్ పేరుతో ఇలాంటి ఏర్పాటు ఇచ్చింది. పాత ప్యారలల్ పోర్టుకు డాంగిల్ తగిలిస్తేనే నడిచే ప్రోగ్రాములకు మాత్రం ఇది కుదరకపోవచ్చు. వాటికి ఒక పాత యంత్రాన్ని నెట్ లేకుండా పక్కన ఉంచుకోవడమే ఉత్తమం. 16 బిట్ ప్రోగ్రాములు ఏ 64 బిట్ విండోస్‌లోనూ నడవవు. విండోస్ 11 ఉన్నదే 64 బిట్‌లో.

యూనికోడ్‌లో రాసేవారికి వెనక్కి వెళ్లడం నష్టమే. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, రీజినల్ సెట్టింగులలో సంక్లిష్ట లిపుల పెట్టెకు టిక్ పెట్టి, డిస్కు ఇచ్చి ఇన్‌స్టాల్ చేస్తే గానీ ఒత్తులు, గుణింతాలు సరిగా కుదరవు. విస్టా నుంచి ఆ తంటా పోయింది. విండోస్ 7లో వాణి, 8లో నిర్మల ఫాంట్లు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే చేరింది 2019 మే అప్‌డేట్‌తో. విండోస్ 7కు దిగితే అది ఉండదు.

ఇతర వ్యవస్థలు

ఆపిల్ మాక్‌లలో నియమం సూటిగా ఉంటుంది. యంత్రం ఏ వెర్షన్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో దానికంటే కిందికి వెళ్లలేం. ఆపిల్ సొంత చిప్‌తో 2020 నవంబరు నుంచి వచ్చిన మాక్‌లకు బిగ్ సర్ అడుగు మెట్టు. 2019లో కాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను పూర్తిగా వదిలేసినప్పుడు మోహావీకి తిరిగి వెళ్లినవారు చాలామంది. అయితే కొత్త వెర్షన్‌లో తెరిచిన ఫొటోల లైబ్రరీ పాతదానిలో తెరుచుకోదు. ఐఫోన్లలో అయితే వారం పది రోజులు దాటాక పాత వెర్షన్‌కు ఆపిల్ డిజిటల్ సంతకం ఇవ్వడం మానేస్తుంది. అక్కడితో తలుపు మూసుకున్నట్టే. లినక్స్‌లో డెబియన్ వంటి పంపిణీలు డౌన్‌గ్రేడ్‌కు మద్దతు లేదనే చెబుతాయి. అప్‌గ్రేడ్‌కు ముందు స్నాప్‌షాట్ తీసి పెట్టుకోవడమే అక్కడి ఆచారం.

నిర్ణయానికి ముందు

నెమ్మదితనం ఒక్కటే ఫిర్యాదైతే డౌన్‌గ్రేడ్ ఆఖరి మందుగా ఉండాలి. తిరిగే హార్డ్‌డిస్కు ఉన్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ఏ పాత వెర్షన్‌తోనూ రాదు. ర్యామ్ 4 గిగాబైట్లుంటే 8 చేయించాలి. కంప్యూటరు ఆన్ కాగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములను ఆపాలి. అప్పటికీ కుదరకపోతే ఉన్న వెర్షన్‌నే ఫార్మాట్ చేసి కొత్తగా వేసి చూడాలి. పాత విండోస్ వేశాక వేగంగా ఉందని సంతోషపడేవారు గమనించనిది ఏమిటంటే, ఆ వేగంలో సగం ఫార్మాట్ కొట్టడం వల్ల వచ్చింది.

వెళ్లక తప్పదనుకుంటే ముందు తయారీదారు సైటులో మోడల్ నంబరు కొట్టి ఆ పాత వెర్షన్‌కు నెట్‌వర్క్, డిస్‌ప్లే, ఆడియో, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు ఉన్నాయేమో చూడాలి. నెట్‌వర్క్ డ్రైవరును ముందే పెన్‌డ్రైవ్‌లో దింపుకోవాలి. లేకపోతే ఫార్మాట్ అయ్యాక నెట్ ఉండదు, నెట్ లేక డ్రైవరు దొరకదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ సి డ్రైవ్‌లోనే ఉంటాయన్నది మరవకూడదు. తెర మీద ఉన్న ఫైలు పోదనే ధీమాతో పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నవారి కథలు ప్రతి సర్వీసు షాపులోనూ వినిపిస్తాయి. అకౌంటింగ్ ప్రోగ్రాముల డేటా ఫోల్డరు, అవుట్‌లుక్ మెయిళ్ల ఫైలు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు విడిగా తీసుకోవాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అది లేకుంటే డి డ్రైవ్ ఫార్మాట్ కాకపోయినా తెరుచుకోదు. వీలైతే పాత డిస్కును విప్పి అలాగే దాచి, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద పాత విండోస్ వేయడం అన్నింటికంటే క్షేమం. నచ్చకపోతే పది నిమిషాల్లో డిస్కు మార్చి మొదటికి రావచ్చు.

విండోస్ 11 నుంచి 10కి దిగడం ఇప్పుడు ఇంటి వాడుకదారుకు తగిన నిర్ణయం కాదు. ఇప్పటికే 10 మీద ఉండి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకనో ప్రాసెసర్ పాతదవడం వల్లనో 11కు వెళ్లలేనివారి సంగతి వేరు. వాళ్లు పొడిగించిన భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు ప్యాచ్‌లు వస్తాయి. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో బ్యాకప్ చేసుకునేవారికి అది ఉచితం, వద్దనుకునేవారికి 30 డాలర్లు. అంతకు మించిన గడువు కావాల్సినది యంత్రాలు నడిపే ఫ్యాక్టరీలు, ల్యాబులకే. వాటి కోసం ఉన్న విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2027 జనవరి 12 వరకు, అందులోనే ఐఓటీ రకానికి 2032 జనవరి 13 వరకు మద్దతు ఉంది. ఆ రెండూ సంస్థలకు అమ్మే లైసెన్సులు.